ఓజోన్ విరిగితే ఎంత వేడి? నిస్ట్ కెమిస్ట్రీ వెబ్‌బుక్‌ను ఒక్క లెక్కతో పరీక్షిస్తే

రెండు ఓజోన్ అణువులు విరిగి మూడు ఆక్సిజన్ అణువులైతే ఎంత శక్తి విడుదలవుతుంది? పైకి ఇది రెండు లైన్ల లెక్క. కానీ నాలుగు చోట్ల వెతికితే నాలుగు జవాబులు దొరుకుతాయి: −143, −206, −285, −427, అన్నీ కిలోజౌళ్లలోనే. వీటిలో ఒకటి ఒక మోల్ ఓజోన్‌కు చెప్పినది, ఒకటి మొత్తం సమీకరణానికి చెప్పినది. ఒకటి సగటు బంధశక్తులతో వేసిన అంచనా. మిగిలినది తప్పు. ఏది ఏదో తేల్చుకోవడానికి నమ్మదగిన దత్తాంశం కావాలి. అలాంటి దత్తాంశాన్ని ఉచితంగా, ఖాతా తెరవమని అడక్కుండా ఇచ్చే సేవ నిస్ట్ కెమిస్ట్రీ వెబ్‌బుక్. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ దీన్ని 1996 నుంచి నడుపుతోంది. ప్రామాణిక దత్తాంశ నిధుల్లో దీని సంఖ్య 69.

వెబ్‌బుక్‌లో చాలా సరుకు ఉంది. వర్ణపటాలు, అయనీకరణ శక్తులు, ద్రవాల ధర్మాలు ఇలా ఎన్నో. ఈ సమీక్ష వాటి జోలికి పోదు. ఓజోన్ విఘటనం అనే ఒక్క లెక్కను మొదటి నుంచి చివరి దాకా నడిపి, ఈ సేవ ఎక్కడ ఆదుకుంటుందో ఎక్కడ చేయి వదిలేస్తుందో చూడటమే పని. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: మొదట వెళ్లవలసిన చోటు ఇదే, కానీ ఇక్కడితో ఆగిపోకూడదు. అందులో ఉన్న ఓజోన్ అంకె పాతది. ఆ సంగతి పేజీలో కనిపిస్తూనే ఉన్నా చాలామంది చదవరు.

అంకెల దాకా వెళ్లే దారి

పదార్థాన్ని పేరుతో, ఫార్ములాతో, లేదా సీఏఎస్ నంబరుతో (ప్రతి రసాయన పదార్థానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతకవచ్చు. మూడింటిలో సీఏఎస్ నంబరే మేలు. ఫార్ములాతో వెతికితే అయాన్లు కూడా జాబితాలో వచ్చి చేరుతాయి. ఆక్సిజన్ అన్న పేరు అణువుకూ వాడతారు, పరమాణువుకూ వాడతారు. ఈ లెక్కకు కావలసినవి మూడే: ఓజోన్‌కు 10028-15-6, ఆక్సిజన్ అణువుకు 7782-44-7, ఆక్సిజన్ పరమాణువుకు 17778-80-2.

వెతికే పేజీలోనే ప్రమాణాల ఎంపిక ఉంటుంది, ఎస్‌ఐ (అంటే జౌళ్లు) లేదా కేలరీలు. ఎస్‌ఐ ఎంచుకోండి. కేలరీల్లో తెరిస్తే ఓజోన్ సంఘటనోష్ణం (మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పటి ఉష్ణ మార్పు) 34.10 అని కనిపిస్తుంది. ఒక పదార్థానికి కేలరీలు, ఇంకోదానికి జౌళ్లు ఎత్తి రాసుకుంటే లెక్క అక్కడే చెడిపోతుంది. తర్వాత వాయుస్థితి ఉష్ణరసాయన దత్తాంశం అన్న విభాగం తెరవాలి. ఓజోన్ పేజీలో మనకు కావలసినవి రెండు వరుసలు: ప్రామాణిక సంఘటనోష్ణం మోల్‌కు 142.67 కిలోజౌళ్లు, 1 బార్ దగ్గర ప్రామాణిక ఎంట్రోపీ మోల్‌కు, కెల్విన్‌కు 238.92 జౌళ్లు. ఆక్సిజన్ పేజీలో ఎంట్రోపీ 205.152 అని ఉంటుంది.

ఆక్సిజన్ సంఘటనోష్ణం కోసం వెతికి, లేదేమిటని కంగారు పడేవాళ్లు ఉంటారు. అది సున్నా. 298.15 కెల్విన్ల దగ్గర మూలకపు అతి స్థిరమైన రూపానికి సంఘటనోష్ణం సున్నా అనేది నిర్వచనం, కొలత కాదు. కొలత కానిదానికి పట్టికలో వరుస కట్టకపోవడం సబబే. అయితే కొత్తగా వచ్చే విద్యార్థి కోసం ఒక వాక్యం రాసిపెడితే బాగుండేది.

ఇక లెక్క. ఉత్పన్నాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తం తీసేయాలి: 3 × 0 − 2 × 142.67 = −285.34 కిలోజౌళ్లు. ఇది రాసిన సమీకరణం మొత్తానికి, అంటే రెండు మోళ్ల ఓజోన్‌కు. ఒక మోల్‌కు −142.67. పైన చెప్పిన −143, −285 ల మధ్య తగాదా ఇంతే, రెండూ సరైనవే. ఏ మోల్‌కు చెబుతున్నామో రాయకపోవడమే తప్పు. పరికరాలతో పనిచేసేవాళ్లకు గ్రాము లెక్క ఇంకా సుఖం. ఓజోన్ మోల్ బరువు 47.998 గ్రాములు, కాబట్టి గ్రాముకు 2.97 కిలోజౌళ్లు. కిలోకు 0.83 కిలోవాట్ గంటలు. పోల్చి చూడాలంటే, పేలుడు లెక్కల్లో టీఎన్‌టీకి గ్రాముకు 4.184 కిలోజౌళ్లని ఒప్పందంగా తీసుకుంటారు. శుద్ధ ఓజోన్ అందులో నూటికి 71 పాళ్లు. గాఢమైన ఓజోన్‌ను, అందులోనూ ద్రవ ఓజోన్‌ను ముట్టుకోవడానికి ప్రయోగశాలలు ఎందుకు వెనకాడతాయో ఈ ఒక్క అంకె చెబుతుంది.

అదే దత్తాంశంతో మిగిలినవీ గబగబా వచ్చేస్తాయి. రెండు మోళ్ల వాయువు మూడు మోళ్లవుతుంది కాబట్టి అంతర్గత శక్తి మార్పు కావాలంటే ఆర్‌టీ (వాయు స్థిరాంకం × ఉష్ణోగ్రత) విలువ 2.48 కిలోజౌళ్లు ఇంకా తీసేయాలి: −287.82. మూసిన గట్టి పాత్రలో జరిగే చర్యకు ఈ అంకె వాడాలి. ఎంట్రోపీ మార్పు 3 × 205.152 − 2 × 238.92, అంటే కెల్విన్‌కు +137.6 జౌళ్లు. చర్య ఎటు సాగుతుందో చెప్పే గిబ్స్ శక్తి మార్పు −326.4 కిలోజౌళ్లు. దాన్నుంచి సమతాస్థితి స్థిరాంకం 10కి 57వ ఘాతం స్థాయిలో వస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత పుస్తకాల్లో ఎంట్రోపీ 1 అట్మాస్ఫియర్ దగ్గర ఇచ్చి ఉంటుంది, వెబ్‌బుక్‌లో 1 బార్ దగ్గర. తేడా మోల్‌కు, కెల్విన్‌కు 0.11 జౌళ్లే, దానివల్ల కొంప మునగదు. కానీ చివరి అంకె ఎందుకు కలవలేదని గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

బంధశక్తుల దారి ఎందుకు తప్పుతుంది

−206 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. తరగతి గదుల్లో ఓజోన్‌ను ఒక ద్విబంధం, ఒక ఏకబంధం ఉన్నట్టు గీస్తారు. పట్టికలోంచి ద్విబంధానికి 498, ఏకబంధానికి 146 తీసుకుంటారు. రెండు ఓజోన్లు విరగ్గొట్టడానికి 1288, మూడు ఆక్సిజన్లు కట్టుకుంటే 1494 వెనక్కి. తేడా −206. నిజమైన విలువకు ఇది 79 కిలోజౌళ్ల దూరంలో ఉంది. కూడికలో తప్పులేదు, తప్పంతా ఆ 146లో ఉంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి అణువుల్లోని ఏకబంధపు విలువ. ఓజోన్‌లో అలాంటి బంధమే లేదు. అందులోని రెండు బంధాలూ సమానం.

ఈ విషయంలో వెబ్‌బుక్ బాగా అక్కరకొస్తుంది. ఆక్సిజన్ పరమాణువు సంఘటనోష్ణం 249.18 అని అక్కడే ఉంది. మూడు పరమాణువులకు 747.54, అందులోంచి ఓజోన్ 142.67 తీసేస్తే 604.87. ఒక ఓజోన్ అణువును పూర్తిగా పరమాణువులుగా విడగొట్టడానికి మోల్‌కు ఇంత శక్తి కావాలి. రెండు బంధాలకు పంచితే తలా 302.4. ఈ విలువతో మళ్లీ లెక్క కడితే 2 × 604.87 − 3 × 498.36 = −285.34. కచ్చితంగా కలుస్తుంది. కలవక తప్పదు కూడా, ఎందుకంటే అవే అంకెలను వేరే వరుసలో పేర్చాం. అందుకే దీన్ని రుజువుగా చూపించకూడదు. కూడికలు సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

302.4 అనేది సగటు మాత్రమే. మొదటి బంధం తెగడానికి, అంటే ఓజోన్ ఒక ఆక్సిజన్ అణువుగా, ఒక పరమాణువుగా విడిపోవడానికి 249.18 − 142.67 = 106.51 కిలోజౌళ్లు చాలు. ఇది ఉష్ణగ్రాహక చర్య. ఓజోన్ విఘటనం ఉష్ణమోచకమా ఉష్ణగ్రాహకమా అన్న వాదన తరచూ వస్తుంది. రెండు పక్షాలూ వేర్వేరు చర్యల గురించి మాట్లాడుకోవడమే ఆ గొడవకు మూలం. సమీకరణం రాయకుండా ఓజోన్ విఘటన శక్తి అంటే అర్థం లేదు.

ఇప్పుడు −427 సంగతి. హెస్ నియమం (దారి ఏదైనా మొత్తం చర్యోష్ణం మారదు) మీద బాగా వాడుకలో ఉన్న ఒక అభ్యాసంలో రెండు ఓజోన్లు మూడు ఆక్సిజన్లు కావడానికి −427, ఆక్సిజన్ పరమాణువులు కావడానికి +495, నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ ఇవ్వడానికి −199 అని ఇచ్చి, నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్ పరమాణువుతో కలిస్తే ఎంత అని అడుగుతారు. జవాబు −233 అని ఉంటుంది. వెబ్‌బుక్‌లో నైట్రిక్ ఆక్సైడ్‌కు 90.29, నైట్రోజన్ డయాక్సైడ్‌కు 33.10 ఉన్నాయి. నేరుగా లెక్క కడితే 33.10 − 90.29 − 249.18 = −306.37. అభ్యాసం జవాబుకు 73 కిలోజౌళ్ల తేడా! మూడో సమీకరణం చూస్తే 33.10 − 90.29 − 142.67 = −199.86, సరిగ్గానే ఉంది. 495 కూడా దగ్గరగానే ఉంది. దొంగ −427 ఒక్కటే. 427ను మూడుతో భాగిస్తే 142.3 వస్తుంది. ఒక మోల్ విలువను రెండుతో గుణించడానికి బదులు మూడుతో గుణించి ఉంటారని ఊహించవచ్చు. పద్ధతి నేర్పడానికి ఆ అభ్యాసం పనికొస్తుంది గానీ, అందులోని అంకెను ఎత్తుకెళ్లి ఇంకోచోట వాడితే లెక్క మొత్తం పాడవుతుంది. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఐదు నిమిషాల్లో తేల్చి చెప్పగలగడమే వెబ్‌బుక్ అసలు విలువ.

క్లోరిన్ చక్రాన్ని కూడా ఇలాగే సరిచూసుకోవచ్చు. క్లోరిన్ పరమాణువుకు 121.30, క్లోరిన్ మోనాక్సైడ్‌కు 101.22. క్లోరిన్ ఓజోన్‌ను విరిచే మెట్టు −162.75, తర్వాత క్లోరిన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ పరమాణువుతో కలిసి క్లోరిన్‌ను వదిలే మెట్టు −229.10. మొత్తం −391.85. క్లోరిన్ లేకుండా ఓజోన్, ఆక్సిజన్ పరమాణువు నేరుగా కలిసి రెండు ఆక్సిజన్ అణువులైనా అదే −391.85. ఉత్ప్రేరకం దారి మారుస్తుంది, శక్తి తేడాను మార్చలేదు. ఈ మాట అందరూ చెబుతారు. అంకెల్లో రెండో దశాంశం దాకా కలవడం చూస్తే మనసులో నిలుస్తుంది.

ఉష్ణోగ్రత మారితే

ఇప్పటిదాకా చేసినదంతా 298.15 కెల్విన్ల దగ్గర. నిజంగా ఓజోన్‌ను విరగ్గొట్టే చోట్లు వేడిగానో చల్లగానో ఉంటాయి. అక్కడికి వెళ్లడానికి వెబ్‌బుక్ షోమేట్ సమీకరణం ఇస్తుంది. ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది గుణకాలు. వాటితో ఉష్ణధారణ (ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన వేడి), ఎంథాల్పీ (స్థిర పీడనం దగ్గర ఉష్ణపు లెక్క) పెరుగుదల, ఎంట్రోపీ మూడూ వస్తాయి. ఈ సేవలో మాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

మొదటి తప్పు: సమీకరణంలో వాడే టీ ఉష్ణోగ్రత కాదు, ఉష్ణోగ్రతను 1000తో భాగించిన విలువ. 500 కెల్విన్లకు 0.5 వేయాలి. రెండోది: ఉష్ణధారణ, ఎంట్రోపీ జౌళ్లలో వస్తాయి, ఎంథాల్పీ మాత్రం కిలోజౌళ్లలో. మూడోది: ఎంథాల్పీ సూత్రంలో ఇ పదం ముందు రుణ గుర్తు ఉంది, ఓజోన్‌కు ఇ విలువే రుణం (−0.079251), కాబట్టి ఆ పదం చివరికి ధనమవుతుంది. నాలుగోది, అందరూ మరిచేది: గుణకాలు ఉష్ణోగ్రత పరిధిని బట్టి మారతాయి. ఆక్సిజన్‌కు 100–700, 700–2000, 2000–6000 అని మూడు గుత్తులు. ఓజోన్‌కు 298–1200, 1200–6000 అని రెండు.

గుణకాలు ఎత్తి రాసుకున్నాక ముందు 298.15 దగ్గర పరీక్షించండి. ఓజోన్ ఉష్ణధారణ 39.23 రావాలి, ఆక్సిజన్‌ది 29.38. ఎంథాల్పీ పెరుగుదల దాదాపు సున్నా రావాలి. ఓజోన్‌కు −0.004 కిలోజౌళ్లు వస్తుంది. అది గుణకాల సర్దుబాటులో మిగిలిన శేషం, పట్టించుకోనక్కర్లేదు. ఇంతకన్నా పెద్ద తేడా వస్తే ఎక్కడో గుర్తు తారుమారైనట్టే.

500 కెల్విన్ల దగ్గర ఓజోన్ ఎంథాల్పీ పెరుగుదల 8.79, ఆక్సిజన్‌ది 6.08 కిలోజౌళ్లు. కాబట్టి చర్యోష్ణం −285.34 + 3 × 6.08 − 2 × 8.79, సుమారు −284.7. రెండు వందల కెల్విన్లు పెరిగినా మార్పు ఒక కిలోజౌల్‌కు లోపే. చర్యోష్ణం స్థిరమని ఊహించుకుని చేసే లెక్కలు ఓజోన్ విషయంలో ఎందుకు బతికిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

చల్లని వైపు మాత్రం జాగ్రత్త. స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ ఉండే ఎత్తుల్లో 220 కెల్విన్ల చుట్టుపక్కల ఉష్ణోగ్రతలుంటాయి. ఓజోన్ గుణకాలు 298 దగ్గరే మొదలవుతాయి. ఆక్సిజన్‌వి 100 నుంచి ఉన్నాయి కదా అని ఓజోన్ సూత్రంలోనూ 0.2 వేస్తే యంత్రం అభ్యంతరం చెప్పదు, ఒక అంకె ఇచ్చేస్తుంది. 200 కెల్విన్ల దగ్గర ఓజోన్ ఉష్ణధారణ 33.17 అని వస్తుంది. ఇది అసాధ్యం. వంగిన అణువుకు చలనం, భ్రమణం రెండిటికే ఆర్ విలువకు నాలుగు రెట్లు, అంటే 33.26 ఉండాలి. దానికి కంపనాల వాటా కలవాలి తప్ప తగ్గదు. పరిధి దాటి సూత్రాన్ని సాగదీస్తే భౌతికశాస్త్రం ఇలా చెయ్యి దాటిపోతుంది. 298 కన్నా కింద పని ఉంటే షోమేట్ వదిలేసి జానాఫ్ పట్టికలనే (ఉష్ణరసాయన విలువలను ఉష్ణోగ్రత వారీగా ఇచ్చేవి) నేరుగా చూడాలి. స్ట్రాటోస్ఫియర్ ఉష్ణోగ్రతల దగ్గర కూడా సమీకరణానికి మార్పు ఒక కిలోజౌల్ దగ్గర్లోనే ఉంటుంది.

ఇంజనీర్లకు అసలు అవసరం వేరే ఉంది: మిగిలిన ఓజోన్‌ను విరగ్గొట్టే ధ్వంసక పాత్రలో ఉత్ప్రేరకపు పొర ఎంత వేడెక్కుతుంది? ఆక్సిజన్‌లో బరువు లెక్కన 10 శాతం ఓజోన్ వస్తోందనుకుందాం. 100 గ్రాముల వాయువులో 10 గ్రాముల ఓజోన్, విడుదలయ్యేది 29.7 కిలోజౌళ్లు. చివరికి మిగిలేది 3.125 మోళ్ల ఆక్సిజన్. మోల్‌కు 9.51 కిలోజౌళ్లు. వేడి బయటకు పోకపోతే ఎంత ఉష్ణోగ్రత? 29.38 స్థిర ఉష్ణధారణతో భాగిస్తే 324 డిగ్రీలు పెరుగుతుంది. షోమేట్‌తో చేస్తే 600 కెల్విన్ల దగ్గర ఆక్సిజన్ ఎంథాల్పీ 9.24, ఇంకా 0.27 మిగులుతుంది, కాబట్టి చివరి ఉష్ణోగ్రత 608 కెల్విన్లు, అంటే సుమారు 335 సెల్సియస్ డిగ్రీలు. 25 డిగ్రీల నుంచి పెరుగుదల 310. స్థిర ఉష్ణధారణ 14 డిగ్రీలు ఎక్కువ చూపించింది.

ఇదే 10 శాతం ఘనపరిమాణపు లెక్కన అయితే కథ మారిపోతుంది. 100 మోళ్లలో 10 మోళ్ల ఓజోన్, 1426.7 కిలోజౌళ్లు. మిగిలేది 105 మోళ్ల ఆక్సిజన్, మోల్‌కు 13.59. ఉష్ణోగ్రత 733 కెల్విన్లు, 460 సెల్సియస్. బరువులో 10 శాతం అంటే ఘనపరిమాణంలో 6.9 శాతమే. శాతం అని మాత్రమే రాసి ఏ శాతమో చెప్పని పత్రం చేతికొస్తే ముందు అది కనుక్కోండి. 125 డిగ్రీల తేడా అంటే ఉత్ప్రేరకం, గొట్టాల సీలు, పాత్ర లోహం అన్నిటి ఎంపికా మారుతుంది. ఇంకో సంగతి, 733 అనేది 700 గీత దాటింది. కాబట్టి ఆక్సిజన్ రెండో గుత్తి గుణకాలు వాడాలి.

శుద్ధ ఓజోన్ అయితే ఇదే పద్ధతిలో 2930 కెల్విన్లు వస్తుంది, మూడో గుత్తితో. ఆ వేడిలో ఆక్సిజన్ కొంత పరమాణువులుగా విడిపోయి శక్తి మింగుతుంది కాబట్టి నిజమైన ఉష్ణోగ్రత తక్కువే ఉంటుంది. సమతాస్థితి లెక్క కూడా కలపకుండా ఆ అంకెను ఎవరికీ చెప్పకూడదు. అటు చివర, గాలిలో పది లక్షల్లో ఒక వంతు ఓజోన్ ఉంటే అదంతా విరిగినా పెరిగేది 0.005 డిగ్రీలు. ఉష్ణోగ్రత చూసి ఓజోన్ ఉందో లేదో పట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది సమాధానం.

142.67 వయసు

ఇక లోపం. వెబ్‌బుక్‌లో ఓజోన్ సంఘటనోష్ణం వరుస పక్కన ఛేజ్, 1998 అని ఉంటుంది. అది జానాఫ్ పట్టికల నాలుగో ముద్రణ. 1998 చూసి మరీ పాతదేం కాదనుకుంటాం. అదే వరుసలో కామెంట్ గడి చదవండి, చివరిసారి ఎప్పుడు సమీక్షించారో రాసి ఉంటుంది. ఓజోన్‌కు అది 1960ల నాటిది. అంకె పక్కన అనిశ్చితి కూడా ఇవ్వలేదు.

దీనికి తోడుగా తెరవవలసినది అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల నడిపే యాక్టివ్ థర్మోకెమికల్ టేబుల్స్. అదీ ఉచితమే. అక్కడ ఒక్కో పదార్థానికి ఒక్కో కొలత నమ్ముకోరు. వేలాది కొలతలను, గణనలను ఒకే వలగా అల్లి, అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా విలువలు తీస్తారు. ప్రతి అంకె పక్కనా 95 శాతం నమ్మకంతో అనిశ్చితి ఉంటుంది. ఓజోన్‌కు అక్కడి విలువ సుమారు 141.7, అనిశ్చితి 0.04 దగ్గర. వెబ్‌బుక్ కన్నా దాదాపు 0.9 తక్కువ. సమీకరణానికి −283.5. వెర్షన్ మారినప్పుడు చివరి అంకెలు కొద్దిగా కదులుతాయి కాబట్టి వెర్షన్ నంబరు రాసిపెట్టుకోవడం తప్పనిసరి.

తమాషా ఏమిటంటే, 500 కెల్విన్లకు వెళ్లడానికి పడ్డ శ్రమంతా కలిపి 0.7 కిలోజౌళ్ల సవరణ. మూల విలువలోని తేడా 1.8. అంటే గది ఉష్ణోగ్రత దగ్గరి అంకెను సరిగ్గా ఎంచుకోకుండా ఉష్ణోగ్రత సవరణలు చేయడం వృథా. ధ్వంసక పాత్ర లెక్కకు 0.9 లెక్కలోకి రాదు, రెండు మూడు డిగ్రీల తేడా అంతే. క్వాంటమ్ రసాయన గణనలను ఒక కిలోజౌల్ కచ్చితత్వంతో సరిచూసుకునేవాళ్లకు మాత్రం వెబ్‌బుక్ అంకె కొలబద్దగా పనికిరాదు. అలాగని రెండు చోట్ల నుంచీ అంకెలు కలిపి వాడటం ఇంకా ప్రమాదం. ఓజోన్‌ను ఒకచోట నుంచి, నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇంకోచోట నుంచి తెస్తే హెస్ చక్రం మూసుకోదు. ఎక్కడ మొదలుపెడితే అక్కడే పూర్తి చేయండి. ఆర్గోన్ పట్టికల్లో షోమేట్ గుణకాలు ఉండవు కాబట్టి, మూల విలువ అక్కడి నుంచి, ఉష్ణోగ్రత పెరుగుదల మాత్రం వెబ్‌బుక్ నుంచి తెచ్చుకోవచ్చు. మేం ఒప్పుకునే కలగలుపు అదొక్కటే.

చేయనివి, చెప్పనివి

సమీకరణం టైపు చేస్తే చర్యోష్ణం లెక్క కట్టి పెట్టే సౌకర్యం వెబ్‌బుక్‌లో లేదు. చర్యల ఉష్ణరసాయన విభాగం ఉంది గానీ, అందులో ఉన్నవి ఎవరో కొలిచిన, సంకలనం చేసిన చర్యలు. కూడికలు, తీసివేతలు మనమే చేసుకోవాలి. నేర్చుకునేవాళ్లకు ఇది మేలే.

కాంతితో ఓజోన్ విరగడం ఇక్కడి అంకెలతో సగమే తేలుతుంది. 106.5 కిలోజౌళ్లను కాంతిగా మారిస్తే 1120 నానోమీటర్ల పైన పడుతుంది, అంటే పరారుణం. కానీ వాతావరణ రసాయనంలో ముఖ్యమైన దారిలో పరమాణువు, అణువు రెండూ ఉత్తేజిత స్థితిలో పుడతాయి. పరమాణువుకు మోల్‌కు 189.8, అణువుకు 94.3 కిలోజౌళ్లు అదనం. అందుకే ఆ దారికి సుమారు 310 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతి కావాలి. ఈ ఉత్తేజిత స్థాయిలు ఓజోన్ ఉష్ణరసాయన పేజీలో దొరకవు. పరమాణు స్థాయిల కోసం నిస్ట్ వారి పరమాణు వర్ణపట నిధికి వెళ్లాలి.

వేగం గురించి కూడా ఈ అంకెలు ఏమీ చెప్పవు. సమతాస్థితి స్థిరాంకం అంత పెద్దదైనా, చల్లని శుభ్రమైన గాజు సీసాలో ఓజోన్ గంటల తరబడి నిలుస్తుంది. మొదటి బంధం తెగడానికి కావలసిన శక్తే అడ్డు. రేటు స్థిరాంకాలకు నిస్ట్ గతిశాస్త్ర దత్తాంశ నిధి వేరే ఉంది.

నీటిలో కరిగిన ఓజోన్ సంగతి చాలామందికి కావాలి, నీటి శుద్ధిలో పనిచేసేవాళ్లకు మరీను. వెబ్‌బుక్‌లో సంఘటనోష్ణం వాయువుకే ఉంది. అయితే అదే పదార్థం పేజీలో హెన్రీ నియమం విభాగం తెరిస్తే పని జరుగుతుంది. అక్కడ ఒక్కొక్కరు కొలిచినవి ఒక్కొక్క వరుసగా ఉంటాయి. కరిగే స్థిరాంకం కిలో నీటికి, బార్‌కు సుమారు 0.01 మోల్. పక్క గడిలో ఉష్ణోగ్రతతో మారే తీరు కెల్విన్లలో ఇస్తారు. ఆ విలువను వాయు స్థిరాంకంతో గుణించి గుర్తు మారిస్తే కరిగే ఉష్ణం వస్తుంది. 2400 కెల్విన్లు తీసుకుంటే మోల్‌కు −20 కిలోజౌళ్లు. అంటే ఓజోన్ నీటిలో కరిగేటప్పుడే ఇంత వదిలేసింది. కాబట్టి కరిగిన ఓజోన్ విరిగి ఆక్సిజన్ వాయువుగా బయటికొస్తే మిగిలేది మోల్‌కు సుమారు −123. వరుసకో విలువ ఉంటుంది కాబట్టి ఏ వరుస వాడారో జవాబు పక్కన రాయాలి, ఇక్కడ జవాబుకు దశాంశాలు పెట్టకూడదు.